బ్యాక్టీరియాకు ఎన్నో నెల?

ఒక్క అక్షరంతో నా చదువునంతా పాకాల మట్టిలో ఎలా పాతిపెట్టానో చెబుతాను. మొహమాటం లేకుండా నవ్వండి. డైరీలో ఆ పేజీ తీసినప్పుడల్లా నేనూ నవ్వుతూనే ఉన్నాను.

తొంభైల చివర తిరుపతిలో ఒక కాలేజీలో సూక్ష్మజీవుల పాఠం చెప్పేవాణ్ణి. పాకాల దగ్గర మా మామ టమోటా తోటలో మొక్కలు పచ్చగా ఉండగానే వాడిపోతున్నాయి. రోగం పట్టినవాటిని వెంటనే పీకకపోతే తోటంతా పోతుంది. పీకెయ్యమంటే మామేమో, నీళ్లు పెడితే లేస్తాయిలే అంటాడు. నేను హడావిడిగా చార్టు రాసుకుని బస్సెక్కాను.

అరుగు మీద చార్టు పరిచి మొదలుపెట్టాను. "మామా, ఈ బ్యాక్టీరియాకు సూదిలాంటి గొట్టం ఉంటాది. దాన్ని మొక్క కణానికి గుచ్చి, తన ప్రోటీన్లను లోపలికి ఎక్కిస్తాది. కాపలావాడికి కల్లు తాపించినట్టే! ఇంక లోపల దానిదే రాజ్యం."

మామకు చెవులు మందం. కళ్లు మాత్రం డేగ కళ్లు. చార్టు మీది పేరు కూడబలుక్కున్నాడు. "సూ...డి బ్యాక్టీరియా. సూడిదా అల్లుడా! ఎన్నో నెల?"

పైరు వయసు అడుగుతున్నాడనుకున్నాను. "మూడో నెల మామా."

"అయ్యో! కడుపుతో ఉండేదాన్ని పీకి పారేయమంటావా? పాపం తగలదా?"

వంగి చార్టు చూసుకున్నాను. 'ది' రాయవలసిన చోట నేనే 'డి' రాశాను!

మాటలతో లాభం లేదని, వాడిన మొక్క కాండం కోసి గ్లాసు నీళ్లలో నిలబెట్టాను. తెల్లటి ధార సన్నగా కిందికి జారింది.

"సూడు మామా, రోగం ఇదే!"

"సూసినా. పాలు గూడా పడినాయి!"

చింతపండులో గింజలు తీస్తున్న మా అత్త తలెత్తింది. "పాలు పడినాయంటే ఈనే పొద్దు వచ్చినట్టే. అది ఈనితే తోటంతా దాని పిల్లలే గదా! లెయ్, ఇప్పుడే పీకు."

మామ పంచె ఎగగట్టి పరుగెత్తాడు. సాయంత్రానికి రోగం మొక్కలన్నీ మంటలో ఉన్నాయి. మిగతా తోట బతికింది. గెలిచింది నా సైన్సు కాదు, నా తప్పు.

తెల్లారి తలుపు తీస్తే వాకిట్లో రెండు ఆవులు, ఒక బర్రె, వాటి యజమానులు.

"కంటికి కనపడని పురుగుకే నెల చెప్పినాడంట మీ అల్లుడు. మా బర్రె సూడిదో, వట్టిదో చెప్పమనప్పా!"

వెనక గుమ్మంలోంచి జారుకుని, బస్సు దొరకబుచ్చుకుని, ఆ రోజే డైరీలో సంతకం పెట్టి మరీ ప్రతిజ్ఞ రాసుకున్నాను: ప్రాణం ఉన్నంతవరకు సూదిని బొమ్మ గీసి చూపిస్తాను తప్ప, అక్షరాల్లో రాయను.