సగం సీసా నెయ్యి

మా ఆవిడ పోయే ముందు కాచిన నెయ్యి ఇంకా సగం సీసా ఉంది. రక్తపరీక్షలో కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువని తేలడంతో మాదాపూర్ డాక్టరుగారు నెయ్యి మానేయమన్నారు. నాకు ఆ సీసా మీదే బెంగ. కొవ్వుల గురించి బాగా చదువుకుని మళ్లీ ఆ డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను.

"ప్రతి కణం చుట్టూ రెండు వరుసల కొవ్వు గోడ ఉంటుందండీ. కొలెస్ట్రాల్ లేనిదే కొన్ని హార్మోన్లు తయారుకావు. ఎ, డి విటమిన్లు కరగాలన్నా కొవ్వే కావాలి" అని వాదించాను.

"గోడలు ఎప్పుడో లేచినయి సార్. మీరిప్పుడు రక్తంల అంతస్తులు కడుతున్నరు" అన్నారామె.

"అది మా ఆవిడ కాచిన నెయ్యండీ. మళ్లీ రాదు" అన్నాను చివరికి.

ఆమె పెన్ను కింద పెట్టారు. "గట్ల చెప్పాలె కద! రోజుకొక చిన్న చెంచా, అంతే."

అలాగైతే సీసా ఎండాకాలం దాకా వస్తుంది. ఇంటికెళ్లి పెద్ద చెంచాలన్నీ అటక మీద పెట్టేశాను.