గడపకు రాసిన కొండ పసుపు

మొన్న కొట్టతను కొండ పసుపని ఇచ్చిన పొట్లం విప్పగానే, చిన్నప్పటి మా నర్సీపట్నం ఇంటి అరుగు గుర్తొచ్చింది.

మా ఇంట్లో కొండ అనే మాట మంచివాటికే వాడేవారు. కొండ చీపురు గట్టిది, కొండ తేనె చిక్కనిది. ముద్దొస్తే మామ్మ నన్ను "నా బంగారు కొండ" అనేది. కొండ అంటేనే పొగడ్త అనుకున్నాను.

నాలుగో తరగతిలో నా పక్కన కూర్చునే సీతాలుది కొయ్యూరు దగ్గరి కొండ ఊరు. హాస్టల్లో ఉండి చదువుకునేది. సెలవులయ్యాక, వాళ్ళమ్మ దంచిన పసుపు మూటతో మొదటిసారి మా ఇంటికి వచ్చింది. మామ్మ మూట అందుకుని వాసన చూసి, "కొండ పసుపంటే ఇదీ!" అని మురిసిపోయింది. సీతాలు లోపలికి అడుగు వేయబోతే, "ఒసే కొండదానా, ఆగక్కడ! అరుగు మీద కూకో" అంది.

నేను సంబరపడిపోయి, "మామ్మ నన్నూ కొండనే అంటాదే! మనిద్దరం ఒకటే" అన్నాను.

"మరైతే నిన్నూ అరుగు మీదే కూకోమంటాదేటి?" అంది సీతాలు.

అంటూనే అరుగు దిగి వెళ్ళిపోయింది. మళ్ళీ మా ఇంటికి రాలేదు. బడిలోనూ వేరే బెంచీకి మారిపోయింది.

ఆమె వచ్చి వెళ్ళిన వారమే, శుక్రవారం నాడు మామ్మ, సీతాలును దాటనివ్వని గడపకు ఆ పసుపే రాసి, కళ్ళకద్దుకుంది.