ఎర్ర తాడు కట్టిన బస్తాలు

అతన్నందరూ బొంగరం అంటారు. ఉన్నచోట ఉండడు. భోజనం మధ్యలో కూడా ఏదో గుర్తొచ్చి లేస్తాడు. "మీకు కుర్చీ దండగండీ!" అంటుంది భార్య. పంటల పరిశోధన కేంద్రంలో అతని పని వేర్లు కడగడం. కుండీలోంచి గోధుమ మొక్కను మట్టితో సహా తీసి, ఒక్క పీచు తెగకుండా నీళ్లలో ఆడిస్తాడు. విచిత్రమేమిటంటే, ఆ తొట్టి దగ్గర మాత్రం బొంగరం కుదురుగా ఉంటాడు.

రంగుల ఫ్యాక్టరీ వెనకున్న అక్క పొలంలో కాడ్మియం అనే విషలోహం ఇంకి ఉంది. ఆ మట్టికి ఏ గోధుమ ఆగుతుందో చూడాలని కేంద్రం వాళ్లు రెండు రకాలు వేయించారు. అక్కను ఒప్పించింది బొంగరమే. ఒకటి నిగనిగలాడుతూ ఏపుగా పెరిగింది. రెండోది పొట్టిగా, పాలిపోయి, పథ్యం చేస్తున్న మనిషిలా ఉండిపోయింది. పరీక్ష తేలేదాకా గింజ ముట్టొద్దన్నారు. కోతయింది, ఫలితం రాలేదు. ఇంట్లో అక్క కూతురికి నెలలు నిండుతున్నాయి. బొంగరం కాలుగాలిన పిల్లే అయ్యాడు.

ఆ ఉదయం కేంద్రంలో పరీక్షలు చేసే మేడమ్ పిలిచింది.

"పొట్టిది గట్టిదయ్యా. విషాన్ని వేర్లలోనే కట్టేసి, గింజ దాకా పోనివ్వలేదు."

"మరి ఆ ఏపుగా పెరిగినదో?"

"దానికేం, అదీ తట్టుకుంది. కాకపోతే విషాన్ని గింజల్లోకి ఎక్కించేసి హాయిగా పెరిగింది."

బొంగరం ఒక్కో కాలికి ఒక్కో రకం చెప్పేసుకుని సైకిలెక్కేశాడు. వెళ్లేసరికి అక్క పిండి కలుపుతోంది.

"అక్కా, ఆపు! ఏ గోధుమలవి?"

"నీ మొహంలా పాలిపోయినవి. మంచివి ఎవరైనా ఇంట్లో తింటార్రా? మంచివి అమ్ముకుంటాం, నాసివి మనం తింటాం."

బొంగరం అక్కడే కూలబడ్డాడు. ఊపిరి పీల్చుకున్నాడో లేదో, మళ్లీ లేచాడు. "మరి ఆ మంచివి?"

"మబ్బు పట్టిందని మీ బావ బండిలో ధాన్యం కొట్టుకి తోలుకెళ్లాడు. ఎర్ర తాడు కట్టి మరీ పంపా."

"అవి విషమక్కా! తినకూడదు!"

"మనం తినట్లేదుగా?" అనేసింది అక్క. అనేశాక, పొట్ట మీద చెయ్యేసుకుని గుమ్మంలో నిలబడ్డ కూతురి వైపు చూసింది. గబగబా చేతులు కడుక్కుంది. "సైకిల్ తియ్యరా."

కొట్లో బస్తాలింకా కాటా ఎక్కలేదు. అక్క వెళ్లి వాటి మీద కూర్చుంది.

"ఇవి అమ్మను."

కొట్టాయన నవ్వి ధర పెంచాడు. బావ మొహం వెలిగిపోయింది. "లేవే!"

"అమ్మనంటున్నానా?"

"విషమండీ బాబూ!" అన్నాడు బొంగరం.

"బేరానికి ఇదో కొత్త నాటకమా?" అంటూ కొట్టాయన ఇంకాస్త పెంచాడు. బావకు ఏడుపొక్కటే తక్కువ. పుట్టి బుద్ధెరిగి ఆ కొట్లో ధర పెరగడం వాళ్లు చూడలేదు మరి. అక్క మాత్రం కదల్లేదు.

చివరికి బావ విసుక్కుంటూ బస్తాలెక్కించి బండి వెనక్కి తిప్పాడు. సైకిల్ బండిలో పడేసి, బస్తాల మీద అక్క పక్కనే ఎక్కి కూర్చున్నాడు బొంగరం.

"వాటిని కేంద్రం వాళ్లకి అప్పజెప్పేద్దాం. వచ్చే పంటకి పొట్టిదే వేద్దాం అక్కా."

"వేద్దాం. ఆ పాలిపోయినదాన్ని ఎవడు కొంటాడ్రా?"

కదిలే బండిలోనే బొంగరం లేచి నిలబడ్డాడు.