తోకకు కట్టిన నిమ్మకాయ

అక్షరమిచ్చిన తల్లికి మ్రొక్కి, విశ్వావసు నామ సంవత్సర మాఘ శుద్ధ సప్తమి నాటి ముచ్చట వ్రాస్తున్నాను.

మా కూతురి కూతురు పులివెందులలో ఇంజినీరింగు చదువుతున్నది. ఆమె తన చేతులతో చేసిన చిన్న విమానాన్ని ఆనాడు జమ్మలమడుగు దాపున ఒక బీడులో అధ్యాపకుడు పరీక్షించవలసి ఉన్నది. నిలకడగా ఎగిరితేనే పోటీకి పంపుతారు.

ప్రొద్దుటూరులో మా ఇంటినుండి బయలుదేరే ముందు ఆమె నాకు తోకను చూపింది. అడ్డంగా బిగించిన తోకరెక్క విమానాన్ని ఊగిసలాడనీయదట. దాని వెనుక అంచున కీలుమీద ఆడే పలక పైకి లేస్తే గాలి తోకను నొక్కుతుంది, ముక్కు లేస్తుంది. పలక వాలితే ముక్కు వాలుతుంది. పలకను తగుమాత్రం సవరించి ఉంచితే, చేయి పట్టకున్నా విమానం సమంగా సాగుతుంది.

“వెనుక బరువైతే బండి తోలేవాడు నొగమీదికి జరిగినట్లు” అన్నాను.

“అదే తాతా!” అని మురిసింది.

క్రొత్త బండి ఏదైనా నిమ్మకాయ, ఎండుమిరపకాయలు కట్టనిదే నా ఇల్లాలు గడప దాటనీయదు. విమానాన్ని విడుస్తుందా?

“అవ్వా, తోకకా కట్టినావు?”

“ముందర కడితే ఆ తిరిగేదానికి తగుల్తాది కదమ్మే. శానా ఆలోచించే కట్టినా.”

చిన్న నిమ్మకాయే గదా అని మనుమరాలు నవ్వి ఊరకున్నది.

మేము ముగ్గురమూ బీడు చేరినాము. అక్కడ విమానం లేచీ లేవగానే ముక్కు ఆకాశానికెత్తి, క్షణం నిలిచి, వెనక్కి జారి మెత్తని రేగడిలో పడింది. గొర్రెలు తోలుకొని పోతున్న ఒకాయన ఆగి, “ఏందప్పా, మీ గద్దకు అంత పొగరు? మోరెత్తి పడినాదే!” అన్నాడు.

“ఇంకొక్క తూరి చూస్తా. మళ్లీ పడితే నేనేం చేయలేను” అన్నాడు అధ్యాపకుడు.

మనుమరాలు విమానాన్ని తిప్పి చూసింది, ఎక్కడా విరగలేదు. “పలక వంచితే ముక్కు దిగుతాది తాతా. కానీ తోకబరువు పోకుంటే నిలకడ రాదు” అంటూ ముడి విప్పింది. నా ఇల్లాలి ముఖం చిన్నబోయింది.

“తీసి పారేస్తాండావా?”

“యాడికవ్వా! నొగమీదికి జరుపుతాండా.”

రెక్క క్రింద, తూకం నిలిచే చోట నిమ్మకాయను కట్టింది. రెండు వ్రేళ్ల కొనలపై విమానాన్ని ఎత్తి తూకం చూసింది. పలకను వెంట్రుకవాసి సవరించింది.

ఈసారి విమానం తిన్నగా లేచింది. తగినంత ఎత్తు చేరగానే ఆమె మెడకు తగిలించుకొన్న, విమానాన్ని దూరంనుండి నడిపే పెట్టె మీటలు వదలి, రెండు చేతులూ ఎత్తి అధ్యాపకునికి చూపింది. ఎవరూ తాకని విమానం పెన్న వైపు సూటిగా సాగింది.

“ఎవురి పాపప్పా?” అన్నాడు గొర్రెలాయన.

“మా పాపే” అన్నాను. నా గొంతు ఆ బీడంతా వినిపించినదని ఇల్లాలు ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

ఫాల్గుణ శుద్ధ విదియ నాడు ఆ విమానం పోటీకి బయలుదేరింది. నిమ్మకాయ రెక్క క్రిందనే ఉన్నది.