చిన్నది రుద్దిన వెండి బిళ్ళలు

మా తోడికోడలిని ఇంట్లో అందరం చిన్నది అంటాం. యాభై దాటినా అదే పేరు. ఒక పెద్ద హోటల్లో వెండి సామాను గదిలో ఇరవై రెండేళ్లు పనిచేసింది. చెంచాలు, ఫోర్కులు, కూజాలు, పళ్ళేలు సాయంత్రానికల్లా అద్దాల్లా తయారవ్వాలి. సింకు పక్కన సుద్దపొడి గిన్నె, దండెం నిండా మెత్తటి గుడ్డలు. పై అధికారి వచ్చి ఒక చెంచా తిప్పి అందులో తన మొహం చూసుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయేవాడు. ఏమీ అనకపోవడమే అక్కడ మెప్పు.

దానికి ఉన్నది ఒకే ఒక్క కోరిక. ఆ ఉద్యోగం వదిలేసి సొంతంగా పాలిష్ పని పెట్టుకోవాలని. ఆ మాట నాకొక్కదానికే చెప్పింది. మా మరిదికి చెబితే ముందు నవ్వుతాడు, నవ్వాక బస్సు డిపోలో తన తోటి మెకానిక్కులందరికీ చెబుతాడు.

పైగా ఆయన ఉన్న ఇంట్లో డబ్బు నిలవదు. మనిషి మంచివాడే. కాకపోతే ఇంట్లో నాలుగు నోట్లున్నాయని తెలిస్తే చాలు, ఉన్న టీవీ ఉన్నట్టుండి పాతదైపోతుంది. బ్యాంకులో వేద్దామంటే కార్డు ఆయన జేబులోనే ఉంటుంది. అందుకని చిన్నది వెండి బిళ్ళలు కొనడం మొదలుపెట్టింది.

బజార్లో ఒక షాపు ఉంది. ఏదో ప్రైవేటు కంపెనీ అచ్చు వేసిన బిళ్ళలు అమ్ముతారక్కడ. ఒక వైపు తెరచాప పడవ బొమ్మ, రెండో వైపు బరువు, కంపెనీ ముద్ర. ప్రభుత్వం వేసిన నాణేలు కావు కాబట్టి వాటి మీద విలువ రాసి ఉండదు, ఏ కొట్లోనూ చెల్లవు. లోపలున్న వెండిని బట్టే వాటి ధర. ఒక్కొక్కటి ఒక ప్లాస్టిక్ డబ్బీలో బిగించి ఇస్తారు.

మొదటి బిళ్ళ తెచ్చిన రోజు మా మరిది దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదిస్తే కండక్టరు టికెట్ ఇస్తాడా?"

"ఇవ్వడు."

"పోనీ, కిలో ఉల్లిపాయలు?"

"రావు."

"మరెందుకే ఇది, దాగుడుమూతలాడుకోడానికా?"

"నువ్వు ఖర్చు పెట్టలేవు కదా, అందుకు."

నేను పక్క గదిలోకి వెళ్ళి కడుపుబ్బా నవ్వాను. ఆయన ముందే నవ్వితే వదినగా నా పెద్దరికం ఏం కాను?

అలా పదకొండేళ్లలో నలభై ఒక్క బిళ్ళలు చేరాయి. దుప్పట్ల కింద బూట్ల పెట్టెలో వాటి కాపురం. ధర పెరిగిందని ఎవరైనా అంటే చిన్నది విననట్టే ఉండేది. తగ్గిందంటే మాత్రం వెళ్ళి ఒకటి కొనుక్కొచ్చేది.

పోయినేడు మా వీధి చివర పాలిష్ షాపు ముసలాయనకు చేతులు వణకడం మొదలైంది. గది, మోటారు, గుడ్డ చక్రాలు అన్నీ కలిపి ఇచ్చేస్తానన్నాడు.

"శనివారం సాయంత్రం దాకా చూస్తానమ్మా. ఆ తర్వాత ఫోన్ కవర్లవాడికిచ్చేస్తా," అన్నాడు చిన్నదానితో.

చిన్నది బిళ్ళల షాపుకి ఫోన్ చేసి ధర కనుక్కుంది. బిళ్ళలన్నీ తిరిగిస్తే గది, మోటారు రెండూ వస్తాయి. ఆ వారమంతా అది నేల మీద నడవలేదు.

శుక్రవారం పెట్టె దించి చూస్తే బిళ్ళల మీద నల్లటి మచ్చలు. వెండి నల్లబడటం దానికి కొత్తా? నల్లబడిన వెండిని పదిమందిలోకి తీసుకెళ్ళడమంటే దానికి మొహం కడుక్కోకుండా పెళ్ళికెళ్ళడం లాంటిది. డబ్బీలన్నీ కత్తితో విప్పేసి, నలభై ఒక్కటీ సుద్దపొడితో రుద్దిపెట్టింది. నేను వెళ్ళేసరికి మంచమంతా మిలమిలలాడుతోంది.

"రాణీగారి సొమ్ములా ఉన్నాయే!" అన్నాను. నా నోరు పడ, మెచ్చుకున్నాను కూడాను.

మర్నాడు పొద్దున్న ఇద్దరం షాపుకెళ్ళాం. మూట విప్పగానే కళ్ళద్దాలు పెట్టుకున్న షాపతని మొహం మాడిపోయింది.

"డబ్బీలేవమ్మా?"

"పారేశాను."

"రుద్దారా వీటిని?"

"మరి? నల్లగా తెమ్మంటావా?"

"నల్లగానే తేవాలమ్మా! మూత తియ్యకుండా తెస్తే కళ్ళు మూసుకుని మంచి ధర ఇచ్చేవాణ్ణి. ఇలా విప్పినవి మళ్ళీ అమ్మలేను. కరిగించుకోవాల్సిందే."

నాకు ఒళ్ళు మండింది. "ఏమయ్యా, మురికిదానికి ఎక్కువ, శుభ్రమైనదానికి తక్కువా? మీ ఇంట్లో కంచాలు కూడా కడగరా?"

"అది కాదు పెద్దమ్మా, రుద్దితే వెండి అరుగుతుంది. అందుకు తరుగు కూడా తీయాలి."

అప్పటిదాకా బిక్కచచ్చి నిలబడ్డ చిన్నది తలెత్తింది. ధర తగ్గిందంటే ఊరుకుంది గానీ, ఈ మాటకు ఊరుకోలేదు.

"నా చేతిలో అరగదు. తూచు."

అతను ఒక్కొక్కటే కాటా మీద పెట్టాడు. దేనికదే రాసిన బరువుకి సరిగ్గా తూగింది. భూతద్దం పెట్టి చూశాడు. పడవ తాళ్ళు కూడా చెక్కుచెదరలేదు.

"ఎలా రుద్దారమ్మా ఇలా?"

"ఇరవై రెండేళ్లు రుద్దితే వస్తుంది," అంది చిన్నది.

తరుగు తీయలేదు. అయినా వట్టి వెండి ధరే ఇచ్చాడు. బయటికొచ్చాక చిన్నది మెట్ల మీద కూలబడింది.

"నా చేతులతో నేనే పోగొట్టుకున్నానక్కా. గది రాదిక."

ఓదార్చడం నాకు చేతకాదు. "లే ముందు. ఇంకా మధ్యాహ్నం కూడా కాలేదు," అన్నాను.

పాలిష్ ముసలాయన దగ్గరికి ఈడ్చుకెళ్ళాను. డబ్బు చాల్లేదని విని ఆయన పెదవి విరిచాడు.

"విడదీసి అమ్మనమ్మా. ఇస్తే అన్నీ కలిపే."

నేను బేరమాడుతూనే ఉన్నాను. చిన్నదేమో, బల్ల మీద మసిబారిన పళ్ళెం ఒకటి ఉంటే, చెయ్యి ఊరుకోక, పక్కనున్న గుడ్డ తీసుకుని తుడుస్తూ కూర్చుంది. కాసేపటికి ముసలాయన నా వైపు చూడటం మానేసి దాని చేతుల వైపు చూస్తున్నాడు.

"గది ఫోన్ కవర్లవాడికే ఇస్తాను. వాడికి మోటారెందుకు, మోతకి చెవులు మూసుకుంటాడు. మోటారు, చక్రాలు నువ్వు పట్టుకుపో," అన్నాడు. "ఆ పళ్ళెం నాలుగు వారాలుగా నా వల్ల కాలేదు."

మోటారు కొనగా కాస్త మిగిలింది కూడా. షాపు గది లేకపోతేనేం, మా మెట్ల కింద చోటుంది. మా మరిదే బల్ల తెచ్చి బోల్టులు బిగించాడు. బిగిస్తున్నంతసేపూ తనకు ముందే ఎందుకు చెప్పలేదని సణిగాడు. చెప్పి ఉంటే ఆ మోటారు ఈపాటికి ఏ కొత్త టీవీ అయ్యుండేదో ఆయనకూ తెలుసు.

నెల తిరిగేసరికి చిన్నది హోటల్ మానేసింది. ఇప్పుడు దీపపు కుందులు, ట్రేలు, ఆటల పోటీల కప్పులు వస్తాయి. ధనవంతురాలేం కాలేదు. వచ్చినవాళ్ళు బేరమాడితే మాత్రం, "వేరేచోట రుద్దించుకుని రండి, తర్వాత నా దగ్గరికే తెస్తారు," అంటుంది. నోట్లో నాలుక లేని మనిషి అనుకునేదాన్ని.

నిన్న ఒక కూజా పట్టుకుని పనిలో ఉంటే చూద్దామని వెళ్ళి నిలబడ్డాను.

"అక్కా, వెలుతురుకి అడ్డం. జరుగు," అంది, తలైనా ఎత్తకుండా.

ఈ ఇంటికి కోడలిగా వచ్చి నలభై ఏళ్లు. నన్ను జరగమన్న మనిషి పుట్టలేదు.

జరిగాను.