తాడు కట్టనివ్వని ఓడ

మొన్న పాల్వంచ దాటాక ఒక లారీ ఇంకో లారీని తాడు కట్టి లాక్కుపోతుంటే బస్సులో అందరూ తొంగి చూశారు. నాకు మా బావ గుర్తొచ్చాడు. ఆయనే బతికి ఉంటే బస్సాపించి దిగి, "ముందు బానెట్ ఎత్తి చూసినవా లేదా?" అని ఆ డ్రైవరుతో తగువేసుకునేవాడు.

బావ అంటే మా అక్క పెనిమిటి. భద్రాచలం అడవి అంచు ఊరు. నేవీలో చేరాడంటే ఊరంతా తుపాకుల ఓడే అనుకుంది. తీరా చూస్తే విశాఖలో టగ్గు, అంటే ఓడల్ని లాగే ఓడ. దాని ఇంజను గదిలో ఇరవై ఏళ్లు చేశాడు. సెలవుకొస్తే చాలు, "ఏందయ్యా, నీ ఎడ్లబండి ఎట్లున్నది?" అని మావాళ్లు ఏడిపించేవారు. "మీ తుపాకుల ఓడ నడిసముద్రంల ఆగిపోతే ఇంటికి తోల్కొచ్చేది మేమేరా" అనేవాడు బావ. ఉత్త గొప్పలు కావు. తుఫాను లేచి అందరూ రేవుకు పరిగెడుతుంటే ఇది ఎదురెళ్లేది. ఇంజను చెడిన ఓడల్ని అండమాన్ నుంచి కూడా లాక్కొచ్చింది. ఫిరంగుల గురి నేర్చుకునేవాళ్ల కోసం వాళ్లు కాల్చే గురి తెప్పను వెనక కట్టుకుని తిరిగేది. గుండు గురి తప్పితే ఏమిటని బావ ఏనాడూ భయపడలేదు, ఆ భయమంతా మా అక్కే పడింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ ఓడ పని అయిపోయిందన్నారు, తుక్కు వ్యాపారికి అమ్మేశారు. బావ రిటైరయిందీ ఆ నెలలోనే. ఇంజనును చల్లబరిచే పంపు చెడిపోయి ఉండటంతో, ఇంకో టగ్గుతో లాగించుకుపోతానన్నాడు వ్యాపారి. బావకు ఒళ్లు మండింది. వారంలో బాగుచేస్తే నడుపుకుపొమ్మని, తుక్కుకు పోయేదానికి సామాను మాత్రం కొననని ఆ వ్యాపారి తేల్చి చెప్పాడట. మర్నాడు బావ ఆ పంపు షాఫ్టును, అంటే లోపల తిరిగే ఇరుసును, గోనెసంచిలో చుట్టుకుని కొత్తగూడెంలో దిగాడు. అక్కడ నేను ఇనుము తిప్పి చెక్కే లేతు షాపులో టర్నర్ని. "సముద్రాన్ని మూట గట్టుకొచ్చిండు మీ బావ" అని వెంట వచ్చిన అక్క నెత్తి కొట్టుకుంది. "జిందగంత అందర్ని గుంజింది బామ్మర్దీ! ఆఖరికి దాన్ని ఇంకోటి గుంజుడా? నేనుండంగ గుంజనియ్య" అన్నాడు బావ. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

అరిగిన చోట వెల్డింగు పోసి షాఫ్టును నున్నగా తీశాను. అది ఇమిడి తిరిగే కొత్త బుష్షు, అంటే తొడుగు, కూడా తిప్పాను. బావ షాఫ్టును అందులోకి దూర్చి వేలితో కదిపి చూసి, "ఏందిది, లొడలొడ ఊగుతాంది?" అని అరిచాడు. తప్పు నాదే. మా షాపుకొచ్చే గని పంపుల్లో బొగ్గు బురద పారుతుంది, బిగువుగా ఉంటే పట్టేస్తాయని బుష్షును కాస్త వదులుగా తియ్యడం నా చేతికి అలవాటు. "గిది సముద్రమురా, మీ బొగ్గు బాయి కాదు! దినాలకొద్ది ఆగకుంట తిరగాలె, ఊగితే మళ్ల అరుగుతది" అన్నాడు బావ. గడువు ఇక రెండు రోజులే. రోషం నాకు మాత్రం లేదా? అన్నం మాట మరిచి ఇంకో బుష్షు తిప్పాను, ఈసారి ప్రతి కోతకూ బావనే కొలవమన్నాను. దూర్చి కదిపితే ఈసారి ఇసుమంతైనా ఊగలేదు. బావ సంచి కట్టుకుని జల్దీ బస్సెక్కాడు.

ఆ ఓడను పడమటి తీరంలో, ఓడల్ని ఇసుకలోకి ఎక్కించి ముక్కలు చేసే చోటికి, చేర్చే మనుషుల్లో తనూ ఒకడిగా వెళ్లాడు. పది పన్నెండు రోజులు కబురు లేదు. అక్క మొక్కని దేవుడు లేడు. ఆ తర్వాత ఫోను మోగింది. "చేరినం బామ్మర్దీ. సొంత ఇంజను మీదనే పోయి ఇసుకల ఎక్కినం. ఎవని తాడూ ముట్టలే. ఇంజను ఆపింది గూడ నేనే, నా చేత్తోని" అన్నాడు. ఆ మీద అటు ఏడుపు వినిపించింది. ఇటు నేనూ ఏడ్చాను, సిగ్గేముంది?

కాలం ఎంతటివాళ్లనైనా ఈడ్చుకుపోతుందంటారు. ఈడ్చుకుపోనీ, బావనూ తీసుకుపోయింది, రేపు నన్నూ తీసుకుపోతుంది. కానీ ఆ ఓడ మాత్రం కాలం ముందు తల వంచకుండా, తన ఇంజనుతో తానే నడిచి వెళ్లింది.