వెల్లకిలా నేర్చుకున్న సాగర్ రోడ్డు

గురువారం ఉదయం పదిన్నరకు, ఎల్బీనగర్ దగ్గరి ఒక ఆస్పత్రిలో మా పక్కింటి సారు చనిపోయారు. గుండెపోటు. ఇబ్రహీంపట్నం నుంచి సాగర్ రోడ్డు మీదుగా ఆయన్ను తీసుకెళ్లిన అంబులెన్సులో వెనక కూర్చున్న అమ్మాయి, ముందు స్టీరింగు పట్టిన అబ్బాయి ఇద్దరూ ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లే. ఆస్పత్రి చేరేసరికి ఆయనకు ప్రాణం ఉంది. గంట తర్వాత పోయారు.

సారు మొదట లారీ నడిపారు, తర్వాత అంబులెన్సు. మోకాళ్లు సహకరించడం మానేశాక అంబులెన్సు సిబ్బంది శిక్షణ కేంద్రంలో నేర్పేవారిగా చేరారు. రోగి పక్కన ఉండి చూసుకునే టెక్నీషియన్లకూ, బండి నడిపేవాళ్లకూ మొదటి పాఠం ఆయనదే. దానికి బల్ల, పుస్తకం అక్కర్లేదు. కొత్తగా వచ్చినవాళ్లను ఒక్కొక్కరినే స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, బెల్టులన్నీ బిగించి, తుర్కయాంజాల్ దాకా తీసుకెళ్లి తిరిగి తెచ్చేవారు. సైరన్ ఉండదు, మాటలుండవు.

మా పేపర్లో ఒక వార్త రాయడం కోసం నేనూ అలా వెళ్లాను. అప్పటికి ఔటర్ రింగు రోడ్డు పనులు జోరుగా సాగుతున్నాయి. సాగర్ రోడ్డు నిండా కంకర టిప్పర్లు, రెండు పక్కలా ప్లాట్ల వెంచర్ల బోర్డులు. వెల్లకిలా పడుకున్నవాడికి ఇవేవీ కనిపించవు. కనిపించేది బండి పైకప్పు, అందులో ఒక బల్బు. స్పీడ్ బ్రేకర్ వస్తున్నట్టు ముందుగా తెలియదు. తల డ్రైవర్ వైపు ఉంటుంది కాబట్టి బ్రేకు పడితే ఒళ్లంతా తలవైపు జారుతుంది. భుజాల మీది బెల్టులు ఎందుకో అప్పుడు అర్థమవుతుంది.

దిగాక సారు ప్రతి ఒక్కరినీ ఒకటే అడిగేవారు: "ఏం తెలిసింది?"

నాదర్‌గుల్ పిల్లవాడొకడు చెప్పిన జవాబు నాకు గుర్తుంది. "బొంగుళూరు గేటు కాడ పొద్దుగాల తిన్న ఇడ్లీ వాపస్ వచ్చింది సారు."

"మంచిగైంది. ఇగ నువ్వు బండి మెల్లగ తిప్పుతవ్."

గురువారం స్టీరింగు పట్టింది ఆ పిల్లవాడే.

ఆయన పని ఇంటికీ వచ్చేది. తలుపు ఏదైనా మూశాక రెండుసార్లు గుంజి చూసేవారు. పెళ్లికి పోయినా స్కూటరును రోడ్డువైపు తిప్పి నిలిపేవారు. నేను నవ్వితే, "నవ్వు పేపరాయనా. వచ్చేటప్పుడు తొందరుండది, పోయేటప్పుడే ఉంటది" అన్నారు. ప్రమాదం జరిగిన చోట ఉరకవద్దని, కరెంటు తీగలు, కారిన పెట్రోలు చూసుకుని నడవాలని పిల్లలకు నేర్పేవారు. "ముందుగాల మనం సలామత్ ఉండాలె. మనం పడితె పేషెంట్లు ఇద్దరైతరు" అనేవారు. వెనక కూర్చునేవాళ్లు తమ బెల్టు మరిచిపోతారని ఆయనకు తెలుసు. ఆ ఒక్క విషయంలోనే కోప్పడేవారు.

గురువారం పొద్దున ఆయన గుమ్మం మీద కూర్చుని ఛాతీ పట్టుకున్నారు. అంబులెన్సు రాగానే లేచి దానివైపు నడవబోయారు. స్ట్రెచర్ దింపుతున్న అమ్మాయి గట్టిగా అడ్డుకుంది.

"గుండె నొప్పి పేషెంటును నడిపియ్యొద్దని చెప్పిందెవరు?"

"నేనే."

"మరి కూసోండ్రి. గిప్పుడు మీరు సారు కాదు, పేషెంటు."

ఆయన కూర్చున్నారు. ఆమె స్ట్రెచర్‌ను వీపు వైపు ఎత్తి పెట్టి పడుకోబెట్టింది, బెల్టులు బిగించింది, స్ట్రెచర్ లాక్ పడిందో లేదో గుంజి చూసింది. ఆస్పత్రికి ముందుగా ఫోన్ చేసి చెప్పింది. ఆయన ఒక్కగానొక్క కొడుకు డ్రైవర్ పక్కన ఎక్కాడు. వెంచర్లలో ప్లాట్లు అమ్మే పని అతనిది. నేను బైకు మీద వెనక వెళ్లాను. బండిలో జరిగింది ఆ ముగ్గురూ చెప్పగా రాస్తున్నాను.

"జర తొక్కన్నా! మా బాపు పోతడు!" అని కొడుకు అరిచాడు.

"అన్నా, ఎనక ఉన్నది మా సారు. నేనెట్ల నడుపుతున్ననో ఆయనకు తెలుస్తది" అన్నాడు డ్రైవర్.

తుర్కయాంజాల్ చౌరస్తా దగ్గర, సైరన్ మోగుతుండగానే, అతను బండిని పూర్తిగా ఆపాడు. కొడుకు డ్యాష్‌బోర్డు మీద చేత్తో కొట్టాడు. ఎడమ వైపు నుంచి కంకర టిప్పర్ ఒకటి ఆగకుండా దాటిపోయింది. తర్వాత అంబులెన్సు కదిలింది. "సైరన్ దారి అడుగుతది, ఇయ్యదు" అనేది సారు మాట.

వెనక అమ్మాయి చేతులు ఆయన మీదే ఉన్నాయి. ఆయన కళ్లు తెరిచి ఆమె భుజం వైపు చూశారు.

"నీ బెల్టేది బిడ్డా?"

"పెట్టుకున్న సారు. చూడుండ్రి."

చూశారు. ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు.

అంత్యక్రియల రోజు కొడుకు నన్ను పక్కకు పిలిచాడు. "నిజం చెప్పు కాకా. బండి జర తొక్కితె బాపు దక్కెటోడా?" నేను ఊహించి జవాబు చెప్పలేదు. అతన్ని తీసుకుని ఆస్పత్రికి వెళ్లాను. వైద్యుడు కాగితాలు ముందు పెట్టుకుని చెప్పాడు: పోటు చాలా పెద్దది, ఆ కొన్ని నిమిషాలు ఫలితాన్ని మార్చేవి కావు, దారిలో చేయాల్సింది ఏదీ తప్పిపోలేదు. కొడుకు రెండోసారి అడిగాడు. వైద్యుడు రెండోసారీ అదే చెప్పాడు.

నలభై ఏళ్ల వయసున్న మనిషి ఆ మాట విని వెంటనే తేలికపడడు. బయటికి వచ్చాక అమ్మాయికి ఫోన్ చేశాడు. "ఎనక బాపుకు ఎట్లుండె?" అని అడిగాడు.

"చెప్తె తెల్వదన్నా. నువ్వే పండుకొని చూడు" అందామె.

నేను చూసిన శిక్షకుల్లో తన పాఠాన్ని తన మీదే పరీక్షించుకోవలసి వచ్చినవారు ఈయనొక్కరే. ఇద్దరు శిష్యులు ఆయన నేర్పిన ఒక్క జాగ్రత్తనూ వదల్లేదు. మా కాలనీ గర్వపడడానికి ఇది చాలు.

సోమవారం ఉదయం తొమ్మిదింటికి కొత్త బ్యాచ్ మొదలవుతుంది. మొదటి పాఠం ఇకనుంచి ఆ అమ్మాయే చెబుతుంది. బండి తుర్కయాంజాల్ దాకా వెళ్లి తిరిగి వస్తుంది. బ్యాచ్‌లో లేకపోయినా, ముందుగా స్ట్రెచర్ మీద పడుకునేది సారు కొడుకు. ఆమె అతని బెల్టులు బిగించి, లాక్ గుంజి చూసి, పక్క సీట్లో కూర్చుని తన బెల్టు పెట్టుకుంటుంది. అప్పుడు బండి కదులుతుంది.